వెండాకు గింజలు

ఫిబ్రవరి 6

ఇవాళ ముప్ఫై నాలుగు మంది. అందులో పదకొండు మోకాళ్ళు. మధ్యాహ్నం ఎక్స్‌రే మిషను మొరాయించడంతో పావుగంట కూర్చునే అదృష్టం పట్టింది. ఫోను తీస్తే గింజల గ్రూపులో కండక్టర్ బాబాయ్ పెట్టిన ఫొటో. అయిదేళ్ళకి ఆయన వెండాకు మొక్క మొదటిసారి పెద్ద చెట్టుకి ఉన్నట్టు చీలిన ఆకు వేసింది. కింద రాశారు: "చీలడం చీలింది. అడుగున వెండి రంగు రావాలి కదా, ఇంకా పచ్చగానే ఉందేం?"

ఎండ చాలక అయ్యుంటుంది. అదే రాశాను.

ఫిబ్రవరి 9

పక్క వాటాలోకి కొత్తగా వచ్చినావిడ గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే అడిగింది. "మీ ఇంట్లో పాములున్నాయటగా?"

మా ఆయన లిఫ్టు రిపేరుకి బయల్దేరుతున్నాడు, చేతిలో పనిముట్ల సంచి. "ఉన్నాయండీ, ఇరవై రకాలు. ఇంకా గుడ్లు కూడా ఉన్నాయి, ఫ్రిజ్‌లో పెట్టాం" అన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది. పామ్ అంటే తాటి, ఈత లాంటి చెట్లనీ, గుడ్లంటే వాటి గింజలనీ, మా గ్రూపులో నలభై మందిమి అవే ఒకరికొకరు పంపుకుంటామనీ చెప్పేసరికి నాకు డ్యూటీకి వెళ్ళే బస్సు పోయింది. అంతా విని ఆవిడ, "గింజల కోసమా ఇంత?" అంది.

నిజమే. గింజల కోసమే.

ఫిబ్రవరి 15

పోస్టాఫీసు గుమాస్తా మొక్క కూడా పచ్చగానే ఉందట. బేకరీ ఆయనదీ అంతే. లెక్చరర్ గారు గ్రూపులో నోటీసు లాంటిది పెట్టారు. అయిదేళ్ళ కిందట సర్వేయర్ గారి చెట్టు గింజలు అందుకున్న వాళ్ళందరూ ఆకు అడుగు భాగం, కాడ మొదలు విడివిడిగా ఫొటోలు తీసి పంపాలట. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మనిషి, ఏదైనా పట్టుకుంటే ఒక పట్టాన వదలడు.

నన్ను కూడా అడిగారు, "మేడమ్, మీ మొక్క ఎలా ఉంది?" అని.

నా దగ్గర ఆ మొక్క లేదు, అప్పుడు అన్నీ పంచేశాను అని రాశాను. వెంటనే బేకరీ ఆయన, "ఎక్స్‌రే అక్క అంతే, తనకి ఒక్కటి కూడా ఉంచుకోదు" అని పెట్టాడు. దాని కింద ఏడెనిమిది దండాలు.

ఫిబ్రవరి 16

ఎండ చాలకే. మొన్న వానలు కూడా ఎక్కువే.

ఫిబ్రవరి 22

కండక్టర్ బాబాయ్ మా ఎక్స్‌రే సెంటరుకి వచ్చారు, రెండు మోకాళ్ళకీ ఫిల్ములు తీయించుకోవడానికి. గోడ పట్టుకుని నడుస్తున్నారు. నన్ను చూడగానే, "అమ్మాయ్, గింజలకి తీస్తావు కదా, అట్లాగే నాకూ తియ్యి. లోపల పప్పు ఉందో, ఉత్త డొల్లో చెప్పు" అన్నారు. వరసలో కూర్చున్న వాళ్ళు నవ్వారు.

గ్రూపులో నాకున్న పేరంతా ఆ ఎక్స్‌రేల వల్ల వచ్చిందే. ఎవరి చెట్టు కాసినా గింజలు ముందు నా దగ్గరికి వస్తాయి. డ్యూటీ అయ్యాక ప్లేటు మీద పరిచి ఒక ఫొటో తీస్తాను. లోపల నిండుగా ఉన్నవి తెల్లగా కనబడతాయి, డొల్లవి నల్లగా. రిపోర్టులు రాసే డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. నా చేతి మీదుగా వెళ్ళిన గింజ మొలవకపోవడం ఉండదని అంటారు.

బాబాయ్ మోకాళ్ళు చూశాను. రెండింటిలోనూ ఎముకా ఎముకా ఆనుకుపోయాయి. ఎడమది మరీ. మా పని ఫిల్ము తీయడమే, అందులో ఏముందో చెప్పకూడదు. అయినా ఆయనకి ముందే తెలుసు.

"ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. చేయించుకుంటే మూడు నెలలు మెట్లెక్కకూడదట. మా కోడలు వంటింట్లోంచి మేడ మీదికి నీళ్ళు మొయ్యదు. మొయ్యమని నేనూ అడగను. అందుకని ఆకు రంగు తిరిగేదాకా ఆగుతానన్నాను డాక్టరుతో."

"రంగు తిరక్కపోతే, బాబాయ్ గారూ?"

"ఎందుకు తిరగదు? సర్వేయర్ ఇచ్చిన గింజ అది. ఆయన గజం కొలిస్తే గజమే."

టేబుల్ మీద ఆయన కాలు సర్దుతుంటే నా చేతులు చల్లగా ఉన్నాయన్నారు. ఏసీ గదిలో అంతే కదా అన్నాను.

మార్చి 1

లెక్చరర్ గారు తేల్చేశారు. ఇరవై ఆరు మంది ఫొటోలు చూశారట. ఒక్కటి కూడా వెండాకు కాదు. వీధుల వెంట నీడకి నాటే మామూలు రకమట. గింజలు రెండిటివీ అచ్చం ఒకలాగే ఉంటాయి, మొక్కలు కూడా నాలుగైదేళ్ళ దాకా తేడా తెలియదు అని వివరంగా రాశారు.

ఆ తర్వాత గంటలో డెబ్బై మెసేజ్‌లు.

పోస్టాఫీసు గుమాస్తా: "అంటే సర్వేయర్ గారు మనకి వీధి గింజలు అంటగట్టారన్నమాట."

బేకరీ ఆయన: "అసలువి దాచుకుని ఉంటాడు. పెద్దమనిషి అనుకున్నాం."

ఎవరో కొత్త మెంబరు: "ఆయన పోయారు కదండీ, ఇల్లు అమ్మేశారు, చెట్టు కూడా కొట్టేశారంటున్నారు. ఇప్పుడు ఎవర్ని అడుగుతాం?"

లెక్చరర్ గారు: "ఇందులో ఎక్స్‌రే మేడమ్ తప్పేమీ లేదు. ఆవిడకి ఏవి ఇచ్చారో అవే పంచారు. దయచేసి ఆవిడని ఎవరూ ఏమీ అనొద్దు."

నేనేదో రాయబోయి చెరిపేశాను. మళ్ళీ రాసి మళ్ళీ చెరిపాను. "ఎక్స్‌రే అక్క టైపింగ్" అని అందరికీ కనబడుతూనే ఉండి ఉంటుంది.

అన్నిటికన్నా చివర కండక్టర్ బాబాయ్ మెసేజ్ ఉంది. "సర్వేయర్ అలాంటివాడు కాదు. ఆకు ఇంకా లేతగా ఉంది. చూద్దాం."

మార్చి 2

ముప్ఫై తొమ్మిది మంది. నడుము నొప్పి.

మార్చి 5

అయిదేళ్ళ కిందటి మాట. ఆ నెలంతా అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఇరవై మూడు రోజులు. పొద్దున ఆసుపత్రి, అక్కడి నుంచి సెంటరు, సెంటరు నుంచి మళ్ళీ ఆసుపత్రి. స్నానం ఎప్పుడు చేశానో, ఏం తిన్నానో గుర్తులేదు. అలాంటి రోజుల్లో సర్వేయర్ గారు స్వయంగా వచ్చి డబ్బా చేతిలో పెట్టారు. తడి కొబ్బరి పీచులో యాభై రెండు గింజలు. "ఈ చెట్టు ఇంకెక్కడా లేదమ్మా. పదకొండేళ్ళ తర్వాత కాసింది. నువ్వు చూసి, నలుగురికీ పంచు" అన్నారు. సరేనని ఎక్స్‌రే గదిలో స్టెబిలైజరు మీద పెట్టాను. అది నిప్పుల కుంపటిలా వేడెక్కుతుందని నాకు తెలియనిది కాదు. ఆ పూట తోచలేదు, అంతే.

అమ్మ పోయాక, కార్యక్రమాలన్నీ అయ్యాక డబ్బా తీశాను. పీచు పొడిపొడిగా ఎండిపోయి ఉంది. ప్లేటు మీద పరిచి చూస్తే యాభై రెండూ నల్లగా.

ఆ మాట ఆయనతో చెప్పే ఓపిక నాకు లేదు. ఎవరికి మాత్రం ఉంటుంది?

మార్చి 8

ఇవాళ సర్వేయర్ గారి అమ్మాయి సెంటరుకి వచ్చింది. స్కూల్లో డ్రాయింగ్ టీచరు, వేళ్ళకి ఎప్పుడూ రంగు అంటుకునే ఉంటుంది. నా భోజనం వేళకి వచ్చి, బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

"అక్కా, నేను గ్రూపులోంచి బయటికొచ్చేశాను. అవన్నీ చదవలేకపోయాను" అంది.

"పట్టించుకోకు" అన్నాను.

"పట్టించుకోకుండా ఎలాగక్కా? నాన్న సంతకం పెట్టిన ఫీల్డు మ్యాపు మీద రెండు ఊళ్ళ వాళ్ళు మారుమాట లేకుండా సరిహద్దు రాళ్ళు పాతుకున్నారు. ఆయన గింజలు దాచుకున్నాడని అంటున్నారు." తలెత్తి నన్ను చూసింది. "నాకొక్క మాట చెప్పండి. ఆ రోజు నాన్న మీకిచ్చినవి, మీరు పంచినవి, అవే కదా?"

నా టిఫిన్ డబ్బా ఒళ్ళోనే ఉంది. మూత తీస్తూ పెడుతూ ఉన్నాను.

"ఆయన ఇచ్చినవే పంచాను" అన్నాను.

"అయితే నాన్నే పొరబడి ఉంటాడు. చివర్లో చూపు కూడా సరిగ్గా లేదు కదా" అంది. లేచి వెళ్తూ, నేను తినలేదని గమనించి, "మీరు తినండక్కా, నా వల్ల ఆలస్యమైంది" అంది.

మధ్యాహ్నం ఒకాయనకి కుడి భుజం బదులు ఎడమ భుజం తీశాను. ఆయనే చెప్పాడు. మళ్ళీ తీశాను.

మార్చి 9

ఇది చదివేది నేనే. అయినా రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

వాటర్ ఆఫీసు వీధిలో బస్టాపు పక్కన ఒక పామ్ ఉంది. ఒకరోజు తెల్లారేసరికి ఒక్కదాన్నే వెళ్ళి, కింద రాలిన పళ్ళు ఏరుకొచ్చాను. గుజ్జు కడిగితే వేళ్ళు రెండు రోజులు దురద పెట్టాయి. ఎక్స్‌రే తీశాను. బాగున్నవి యాభై రెండు ఎంచాను. లెక్క సరిపోవాలి కదా. ఒక్కొక్క కవరు మీద మార్కరుతో వెండాకు అని రాశాను. నా చేతిరాత గుండ్రంగా ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు.

మొలవవనుకున్నాను. తాజా గింజలకి కూడా ఏడాది పడుతుంది, సగం మంది విసుగొచ్చి పారేస్తారు, ఎవరికి గుర్తుంటుంది అనుకున్నాను. నలభై ఒకటి మొలిచాయి. సర్వేయర్ గారు మంచం పట్టినప్పుడు నేను చూడ్డానికి వెళ్తే, నలభై ఒక్క ఫొటోలూ ఒక కాగితం మీద అంటించి తలగడ దగ్గర పెట్టుకుని ఉన్నారు. "నీ చేతిలో పెట్టడం మంచిదైంది" అన్నారు.

ఆయన సంతోషంగా పోయారు. అదొక్కటి చాలదా అని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

మార్చి 14

మా ఆయనకి ఇవాళ పని లేదు. బాల్కనీలో కుండీలు పక్కకి జరిపి తుడుస్తున్నాడు. నేను టీ తెచ్చి ఇచ్చి, నిలబడే ఉన్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "గ్రూపులో సర్వేయర్ గారిని అందరూ తిడుతున్నారు" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"ఆయన తప్పు లేదు."

"అదీ తెలుసు."

గ్లాసు కింద పెట్టి, చేతులు తుడుచుకుని అన్నాడు. "వాటర్ ఆఫీసు వీధికి స్కూటరు మీద తీసుకెళ్ళింది నేను కాదా? నువ్వు ఏరుతుంటే సంచి పట్టుకుని నిలబడింది ఎవరు?"

నేను గడప మీద కూర్చున్నాను.

"నాతో మాట్లాడతావేమోనని అయిదేళ్ళు చూశాను. నువ్వు ఆ ఊసే ఎత్తలేదు. మీ అమ్మ పోయిన నెల కదా, ఎందుకు కెలకడం అని నేనూ ఊరుకున్నా. తర్వాత ఊరుకోవడం అలవాటైపోయింది."

"మీరైనా నన్ను ఆపాల్సింది."

"ఆపాల్సింది" అన్నాడు. టీ చల్లారిపోయింది, అలాగే తాగాడు.

ఇప్పుడు వెనక్కి తిప్పి 9వ తారీఖు చూశాను. ఒక్కదాన్నే వెళ్ళాను అని రాసుకున్నాను. ఎవరికి చూపించడానికి అలా రాసినట్టు? ఇది నేనొక్కదాన్నే కదా చదివేది.

మార్చి 15

ఏమీ లేదు. పని.

మార్చి 17, ఆదివారం

కండక్టర్ బాబాయ్ ఇంటికి వెళ్ళాను. మా ఆయన వస్తానన్నాడు, వీధి మలుపు దాకా దింపి వెళ్ళిపొమ్మన్నాను.

బాబాయ్ ముందు గదిలో కుర్చీలో ఉన్నారు, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని. రెండు మోకాళ్ళకీ పట్టీలు. కోడలు మంచినీళ్ళిచ్చి, "మీరైనా చెప్పండి. పొద్దున మెట్ల మీద కూలబడిపోయారు. ఇద్దరం పట్టుకుని దించాం" అంది.

"కూలబడలేదు, కూర్చున్నా" అన్నారు ఆయన. "అమ్మాయ్, వచ్చావు కదా, ఒక్కసారి పైకెళ్ళి నీళ్ళు పోసి, ఆకు ఎలా ఉందో చూసి రా. ఇవాళ చూడలేదు."

వెళ్ళాను. ఇరవై ఏడు మెట్లు, నిటారుగా ఉన్నాయి, ఒక పక్కనే పట్టుకోవడానికి కమ్మీ ఉంది. మేడ మీద అన్ని కుండీలూ ఎండలో ఉన్నాయి. ఆ ఒక్క మొక్కకి మాత్రం పైన పాత గొడుగు కట్టి, చుట్టూ ఇటుకలు పేర్చారు. మట్టి మీద ఒక్క కలుపు పరక లేదు. ఒక్కొక్క ఆకు తడిగుడ్డతో తుడిచినట్టు మెరుస్తోంది. అడుగున తిప్పి చూశాను. నిండు పచ్చ. మంచి మొక్క. నీళ్ళు పోసి దిగి వచ్చాను.

"ఎలా ఉంది?"

"పచ్చగానే ఉంది, బాబాయ్ గారూ. అది వెండాకు కాదు."

"లెక్చరర్ అన్నాడులే. ఆయనకి పుస్తకాలు తెలుసు. నాకు సర్వేయర్ తెలుసు."

"సర్వేయర్ గారు ఇచ్చినవి మంచివే. నా దగ్గర పాడైపోయాయి. వేడి తగిలి ఒక్కటి మిగలకుండా చచ్చిపోయాయి. ఆయనకి చెప్పలేక వేరేవి ఏరుకొచ్చి మీ అందరికీ పంచాను."

కోడలు లోపలికి వెళ్ళబోతున్నదల్లా ఆగింది. బాబాయ్ స్టూలు మీద నుంచి కాళ్ళు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి కింద పెట్టుకున్నారు.

"అంటే సర్వేయర్ అబద్ధం ఆడలేదు" అన్నారు.

"లేదు."

"నేను చెబుతూనే ఉన్నా. ఒక్కడు వినలేదు." తర్వాత అడిగారు. "ఎక్కడివి ఏరావు?"

"వాటర్ ఆఫీసు వీధిలో. బస్టాపు పక్క చెట్టువి."

ఆయన నవ్వారనుకున్నాను. నవ్వు కాదు. "పదిహేడో నంబరు బస్సు ఆగేది అక్కడే. పందొమ్మిదేళ్ళు ఆ చెట్టు కింద నిలబడి టీ తాగాను. బస్సు ఎక్కే ముందు గ్లాసు కడిగిన నీళ్ళు దాని మొదట్లోనే పోసేవాణ్ణి." గోడ వైపు చూస్తూ అన్నారు. "ఇరవై ఏడు మెట్లు, అమ్మాయ్. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నా మోకాళ్ళ ఫిల్ము తీసింది నువ్వే. అందులో ఎంత అరిగిపోయిందో చూసింది నువ్వే. ఆకు రంగు తిరిగేదాకా ఆగుతానని చెప్పింది కూడా నీతోనే. అప్పుడైనా నోరు రాలేదా నీకు?"

రాలేదు. అదే చెప్పాను.

"సరే, వెళ్ళు" అన్నారు. నేను లేచాక మళ్ళీ అన్నారు. "నాకు చెబితే సరిపోదు. ఆయన్ని తిట్టింది నలభై మంది."

వీధి చివర మా ఆయన స్కూటరు ఆపుకుని ఉన్నాడు. వెళ్ళిపొమ్మంటే వెళ్ళలేదు. నా మొహం చూసి స్కూటరు స్టార్టు చేశాడు.

మార్చి 20

డ్రాయింగ్ టీచరుకి ఫోను చేశాను. ఆదివారం గ్రూపు మీటింగుకి రమ్మన్నాను. "నేను లేను కదా అక్కా గ్రూపులో" అంది. రావాలి అన్నాను. ఎందుకని అడగలేదు. వస్తానంది.

మార్చి 24, ఆదివారం

లైబ్రరీ పై గది. ఏటా రెండుసార్లు అక్కడే కలుస్తాం. పొడుగు బల్లలు, వాటి మీద ఎవరి కవర్లు వాళ్ళు పరుచుకుని కూర్చుంటారు. నీదేమిటి, నాదేమిటి అని ఒకళ్ళ గింజలు ఒకళ్ళు వేళ్ళతో నొక్కి చూస్తారు. ఇవాళ నేను ఏమీ తీసుకెళ్ళలేదు. ఖాళీ బల్ల ముందు నన్ను చూసి బేకరీ ఆయన, "అక్కా, ఈసారి మాకేం లేవా?" అన్నాడు.

కండక్టర్ బాబాయ్ రాలేదు. డ్రాయింగ్ టీచరు తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు.

ఒకటికి నాలుగుసార్లు మనసులో అనుకుని వెళ్ళాను. నిలబడేసరికి ఆ వరసేమీ గుర్తు రాలేదు. అమ్మ ఆసుపత్రి గురించి మొదలుపెట్టబోయి, వద్దని ఆపుకున్నాను. దాని వెనక దాక్కోవడమవుతుంది. సర్వేయర్ గారు నాకు మంచి గింజలు ఇచ్చారు, నేను పాడుచేశాను, పాడైన సంగతి దాచి వీధి గింజలకి ఆ పేరు రాశాను, మొన్న మీరంతా ఆయన్ని అన్న మాటలన్నీ నాకు తగలాల్సినవి, నేను చదువుతూ ఊరుకున్నాను. ఇంతే చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"మరి ఎక్స్‌రే తీశానన్నారు కదా?" అన్నాడు పోస్టాఫీసు గుమాస్తా.

"తీశాను. అవి కూడా మంచి గింజలే."

ఎవరో నవ్వబోయి మానేశారు. లెక్చరర్ గారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మీ తప్పేం లేదని నేను రాశాను, మేడమ్. నా పేరుతో రాశాను" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

అప్పుడు డ్రాయింగ్ టీచరు లేచింది. నా వైపు నడిచి వచ్చి, బల్లకి అవతల నిలబడింది. తిడుతుందనుకున్నాను. మామూలుగానే మాట్లాడింది, క్లాసులో పిల్లలకి చెప్పినట్టు.

"అక్కా, మీకు ఒక సంగతి తెలియదు. ఆ చెట్టు మరుసటి ఏడు కూడా కాసింది."

నాకు ముందు అర్థం కాలేదు.

"పదకొండేళ్ళకి ఒకసారి కాసిన చెట్టు, ఎందుకో వెంటనే మళ్ళీ కాసింది. మూడు గెలలు. పెరడంతా గింజలే. నాన్న అప్పటికే మంచం మీద ఉన్నాడు, కిటికీలోంచి చూస్తూ ఉండేవాడు. ఎవరికైనా పంపమంటావా అని నేనడిగాను. ‘ఎందుకమ్మా, అందరి దగ్గరా మొలిచాయిగా, ఎక్స్‌రే అమ్మాయి పంచిందిగా’ అన్నాడు. నేనే ఊడ్చి చెత్త బండిలో పోశాను. రెండు గంపలు."

ఆ అమ్మాయి నా ముందున్న ఖాళీ బల్ల వైపు చూసింది.

"మీరు పాడైపోయాయని చెప్పి ఉంటే ఆయన కోప్పడేవాడు కాదు. అయ్యో అనేవాడు. మరుసటి ఏడు మళ్ళీ డబ్బా తెచ్చి మీ చేతిలోనే పెట్టేవాడు." అంత చెప్పి, గోడ గడియారం చూసుకుంది. "నాకు బస్సుకి టైమవుతోంది" అని అందరికీ చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాత ఎవరెవరు ఏమేమి మాట్లాడారో నాకు తెలియదు. కవర్లు సంచుల్లో సర్దుకుంటున్న చప్పుడు మాత్రం గుర్తుంది.

ఏప్రిల్ 2

రెండు గంపలు.

ఏప్రిల్ 7, ఆదివారం

ఇక నుంచి గింజలన్నీ పోస్టాఫీసు గుమాస్తా దగ్గరికి పంపాలని లెక్చరర్ గారు గ్రూపులో పెట్టారు. కారణం రాయలేదు. సర్వేయర్ గారి గురించి తను, మిగతావాళ్ళు రాసిన మాటలకి క్షమాపణ చెప్పారు. ఆయన అమ్మాయిని గ్రూపులోకి మళ్ళీ పిలిచారు. ఆ అమ్మాయి ఇంకా రాలేదు. నన్ను తీసెయ్యలేదు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు.

పొద్దున మా గేటు బయట రెండు కుండీలున్నాయి. వాటి మీద నా చేతిరాతతో ఉన్న చీటీలు. వెండాకు. వానకీ ఎండకీ వెలిసిపోయినా చదవచ్చు.

ఏప్రిల్ 11

మరో అయిదు. అందులో ఒకటి బేకరీ ఆయన బెల్లు కొట్టి, స్వయంగా చేతికిచ్చి వెళ్ళాడు. "పారెయ్యబుద్ధి కాలేదక్కా. అలాగని చూస్తూ ఉండలేకపోయాను" అన్నాడు. అయిదేళ్ళు పెంచాడు. ఇంట్లోకి రమ్మంటే కొలిమి మీద పనుందని వెళ్ళిపోయాడు. బేకరీకి కొలిమేమిటి, పొయ్యి అనబోయి అలా అన్నాడు. ఆయనకీ కంగారుగానే ఉంది.

బాల్కనీలో చోటు లేదు. మా ఆయన మెట్ల పక్కన వరసగా పెట్టాడు. చీటీలు పీకెయ్యనా అని అడిగాడు. నేనే పీకుతానన్నాను. ఒక్కొక్కటి తీసి, ఆ మొక్క అసలు పేరు రాసి గుచ్చాను. ఏడు చీటీలకి ఒక మధ్యాహ్నమంతా పట్టింది.

ఏప్రిల్ 19

ఇవాళ కండక్టర్ బాబాయ్ ఎడమ మోకాలికి ఆపరేషన్ అయిందని మా డాక్టరు అన్నాడు. ఫోను తీసి ఆయన పేరు దాకా వెళ్ళాను. చెయ్యలేదు. కోడలు ఎత్తితే ఏమనాలో తెలియలేదు.

ఏప్రిల్ 20

చేశాను. కోడలే ఎత్తింది. "బాగానే ఉన్నారండీ" అని ఊరుకుంది. నేను పెట్టెయ్యబోతుంటే, "పైన నీళ్ళు నేనే పోస్తున్నాను. ఆ మొక్కకి కూడా" అంది.

మే 3

ఎండలు మండిపోతున్నాయి. ఏసీ చెడింది. ఈ వారమంతా తడి తువ్వాలు మెడకి చుట్టుకుని పని చేశాను. ఇంటికొస్తే పడుకోవడం తప్ప ఏమీ చేతకావడం లేదు. పందొమ్మిది కుండీలయ్యాయి.

మే 31

కండక్టర్ బాబాయ్ వచ్చారు. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలకి తీయించే ఫిల్ము. చేతికర్రతో, మెల్లగా, గోడ ఊతం లేకుండా నడిచి వచ్చారు. వెంట కోడలుంది. నన్ను చూసి తల ఊపారు. అమ్మాయ్ అనలేదు.

పంచె మోకాలి పైకి మడవమన్నాను. టేబుల్ మీద పడుకోబెట్టి, మడమ కింద మెత్త పెట్టి సర్దాను. మోకాలి మీద పొడవుగా కుట్టు గుర్తు ఉంది. "నొప్పి ఉందా?" అంటే "ఉంది" అన్నారు. "కదలకండి" అన్నాను. కదల్లేదు. అవతలికెళ్ళి బటన్ నొక్కి వచ్చాను. పక్కకి తిప్పి ఇంకొకటి తీశాను. అంతా మామూలే, రోజుకి ముప్ఫై మందికి చేసేదే.

లేపి కూర్చోబెట్టి, చెప్పులు దగ్గరగా జరిపాను. ఆయన చెప్పులు తొడుక్కోలేదు. నా గది వైపు, మానిటరు వైపు చూస్తున్నారు.

"ఏ కాలో రాశావా?"

"రాశానండీ. ఎడమ."

"సరిగ్గా రాశావా?"

ఇరవై రెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఈ మాట నన్నెవరూ అడగలేదు. కోడలు తల పక్కకి తిప్పుకుంది.

మానిటరుకి చక్రాల బల్ల ఉంది. దాన్ని ఆయన కనబడేలా లాక్కొచ్చాను. ఆయన చొక్కా జేబులోంచి కళ్ళద్దాలు తీసి, పంచె అంచుతో తుడుచుకుని పెట్టుకున్నారు. ముందుకి వంగి, మూలన ఎడమకి గుర్తుగా ఉన్న అక్షరం చూశారు. తర్వాత పేరు చదివారు. తర్వాత తారీఖు. తన మోకాలి మీద చెయ్యి వేసుకుని, తెర మీది మోకాలితో పోల్చి చూసుకున్నారు. నేను పక్కన నిలబడి ఉన్నాను.

"ఆ. ఎడమదే" అన్నారు.

కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. చెప్పులు తొడుక్కున్నారు. లేవడానికి చెయ్యి చాపారు. కోడలు అవతల ఉంది, నేనే దగ్గరగా ఉన్నాను. పట్టుకుని లేపాను.

"కుడిదానికి చలికాలంలో చేస్తామన్నారు. అప్పుడూ ఇక్కడికే వస్తాను" అన్నారు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"అప్పుడు కూడా చూపించు, అమ్మాయ్."